నల్లగుడ్డ పరిచిన పెరడు

పెంచలమ్మకు తెల్లారేది పెరట్లోనే. చెంగు బొడ్లో దోపి గొంతుక్కూర్చుని, నేలంతా అల్లుకున్న గలిజేరు కొసలను గిల్లి ఒళ్ళో వేసుకుంటుంది. వేరు జోలికి మాత్రం పోదు. నడుము పట్టేస్తే "అమ్మా" అని మూలిగి, పక్కకు జరిగి మళ్ళీ గిల్లుతుంది.

ఆ రోజు మైపాడులో చేపలమ్ముకొని వచ్చేసరికి పెరడంతా నల్లటి గుడ్డ పరిచి, అంచులకు మేకులు దిగ్గొట్టి ఉంది. నెత్తిమీది తట్ట దించడం కూడా మరిచిపోయింది. ఆ తీరంలో నేల మీద నల్లపట్టా పడిందంటే రొయ్యల గుంటే. "ఓర్నాయనో! ఇంట్లోనే గుంట పెట్టినారా? బావినీళ్ళు ఉప్పైపోవా?" అని గుండెలు బాదుకుంది.

నెల్లూరు టౌనులో పెరిగిన కోడలు వినీల పరుగున వచ్చింది. "గుంట కాదత్తా! కలుపు మొలవకుండా ఏసే గుడ్డ. రెండేళ్ళుగా చూస్తన్నా, రోజూ వంగి వంగి కలుపు పీకతా నడుము పోగొట్టుకుంటన్నావు. అందుకే తెప్పించినా."

పెంచలమ్మ కాలి బొటనవేలితో గుడ్డను తడిమింది. కింద మెత్తగా ఆకు నలిగింది.

"కలుపా? మరి రెండేళ్ళుగా పప్పులో ఏసి నీకు పెట్టింది ఏందనుకున్నావమ్మే?"