ఐదో రోజే బండెక్కాడని రాశాను

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నాదే. ఫోను మోగితే ఇప్పటికీ ముందు తోచేది ఒకటే. పాత స్క్రీన్‌షాట్ ఎవరికైనా దొరికిందా?

నేను హేతువాదిని. బాబాల విభూతికీ, వాస్తుకీ, జాతకాలకీ రుజువు చూపమంటూ సగం జీవితం వ్యాసాలు రాశాను. జర్మనీలోని హానోవర్‌కు వచ్చాక కూడా మానలేదు. చదివేది పదిమందే.

లాక్‌డౌన్‌లో నాకొక పిచ్చి పట్టుకుంది. డెన్మార్క్‌కు చెందిన ఒక సైకిల్ పందేల ఆటగాడు. పందేలు ఆగిపోవడంతో ఇంట్లోనే సైకిలును స్టాండుకు బిగించుకుని తొక్కుతూ, తన మీద తానే జోకులేసుకుంటూ వీడియోలు పెట్టేవాడు. లోకమంతా అతని వెంట పడింది. నేను తెలుగులో అతని అభిమానుల పేజీ తెరిచాను. జనం విరగబడ్డారు. అతని కీర్తిలో కొంత నాదే అనుకున్నానా? అనుకున్నాను.

ఆ తర్వాత అతనికి కరోనా వచ్చింది. వీడియోలు ఆగాయి. నా పేజీ చల్లబడింది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక, ‘జ్వరం తగ్గిన ఐదో రోజే బండెక్కాడు, వంద కిలోమీటర్లు తొక్కాడు’ అని రాసేశాను. ఎవరూ చెప్పలేదు. ఎక్కడా చదవలేదు. లైకులు కురిశాయి.

ఆ సాయంత్రం మాధవ్ ఫోన్ చేశాడు. వరంగల్ నుంచి ఇక్కడికి ఎమ్మెస్ చదవడానికి వచ్చినవాడు. ఆదివారాలు ఇద్దరం సరస్సు చుట్టూ సైకిళ్లు తొక్కేవాళ్లం. అతనికీ అప్పుడే కరోనా తగ్గింది.

“అన్నా, నిజంగనే ఐదో రోజుకే ఎక్కిండా? మా డాక్టరమ్మ నెల దాకా తొక్కొద్దంటున్నది.”

“నేను రాస్తే కూడా అనుమానమేనా?”

“నీ మీద అనుమానమెందుకన్నా. దేవుడొచ్చినా ఆధార్ కార్డు అడిగేటోడివి. సరే, రేపే పోత.”

ఒక్క మాటతో ఆపగలిగేవాణ్ణి. ఆపలేదు. నేను రాస్తే కూడా అనుమానమేనా! ఏ బాబా అన్నా నేను చీల్చి చెండాడే మాట అది. నా నోట అంత సులువుగా ఎలా వచ్చింది? ఇన్నేళ్లూ గుడ్డినమ్మకాన్ని కూలుస్తున్నాననుకుంటూ, దాన్ని నెమ్మదిగా నా వైపు తిప్పుకుంటూ వచ్చానేమోనన్న భయం ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

మర్నాడు మాధవ్ దారిలో కుప్పకూలాడు. గుండె కండరం వాచిందన్నారు. బతికాడు. ఇప్పటికీ రెండంతస్తులు ఎక్కాలంటే మధ్యలో మెట్ల మీద కూర్చుంటాడు. ఆసుపత్రి కబురు తెలియగానే నేను చేసిన మొదటి పని ఆ పోస్టు చెరిపేయడం. అతని గురించి ఆలోచించింది ఆ తర్వాతే.

తప్పంతా తన తొందరదే అంటాడు. నేను కాదనలేదు.

క్షమించమని అడగడం లేదు. ఆ వార్త నేనే కల్పించాను. ఈ వాక్యం రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలికకు నాకు హక్కుందా? తెలియదు. నా పేరు పెట్టలేదు, అతని పేరు మార్చాను. తక్కినదేదీ మార్చలేదు. చదివితే పోల్చుకుంటాడు.