పద్దెనిమిది డిగ్రీల సాక్షి

మా అక్క మొగుణ్ణి మేమంతా గాలి బావ అంటాం. సర్వర్లుండే గదుల్లో చల్లగాలి ఎటు రావాలో, వేడిగాలి ఎటు పోవాలో గీసిపెట్టడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చినా అదే ధ్యాస. ఫ్రిజ్ గోడకు ఆనుకుని కనిపిస్తే, దాన్ని జరిపేదాకా ముద్ద దిగదు.

సర్వర్లు ముందునుంచి చల్లగాలి పీల్చి, వెనకనుంచి వేడి వదులుతాయి. అందుకని వాటిని పేర్చిన ర్యాకుల వరుసల్ని ముఖానికి ముఖం, వీపుకు వీపు వచ్చేలా పెట్టాలి. ఇరవై ఏళ్లుగా బావ గీసేది అదే. వాళ్ల ఆఫీసులో కొత్త గది దగ్గరే డైరెక్టరుగారు అడ్డం తిరిగారు.

"అన్నీ తలుపువైపే చూడాలయ్యా. వచ్చినవాళ్లకి అద్దంలోంచి లైట్లు మెరుస్తూ కనపడాలి. వీపులు చూపిస్తే ఏం మర్యాద?"

"ముందు వరుస వదిలిన వేడి వెనక వరుస పీలుస్తుందండీ."

"ఏసీలు ఇంకో నాలుగు పెట్టించు."

పెట్టించారు. అయినా చివరి వరుస ఉడికిపోతూనే ఉంది. అప్పుడు డైరెక్టరుగారి బుర్ర పాదరసంలా పనిచేసింది. గదిలో ఉన్న థర్మామీటరును తీసుకెళ్లి ఏసీ మూతి ముందు తగిలించారు. పద్దెనిమిది! అందరూ చప్పట్లు కొట్టారు.

నెల తిరక్కుండానే చివరి వరుసలో నాలుగు సర్వర్లు కన్నుమూశాయి. గది చల్లగా ఉందని థర్మామీటరే చెబుతుంటే తప్పెవరిది? గీసినవాడిదే. సోమవారం విచారణ ఉందని, ఆలోగా తప్పు తనదేనని సంతకం పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుందని బావ చేతిలో ఓ కాగితం పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది. "ఉద్యోగం పోతే పోనీండి, ఎలాగోలా నెట్టుకొద్దాం. చెయ్యని తప్పుకి సంతకం పెట్టారంటే మాత్రం ఊరుకోను," అంది.

విచారణ ఆ గదిలోనే జరపమని బావ అడిగాడు. సాక్షి అక్కడే ఉంది కదా అన్నాడు. కుర్చీలు తనే వేశాడు. విచారణకొచ్చిన ఇంజినీరమ్మకు ఏసీ పక్కన, డైరెక్టరుగారికి చివరి వరుస వెనక.

పావుగంటకల్లా డైరెక్టరుగారి చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"ఒంట్లో బాగాలేదా అండీ?" అంది ఇంజినీరమ్మ.

"ఉక్కగా ఉందమ్మా. కాస్త అటు జరుగుతాను."

"పద్దెనిమిదే కదండీ," అన్నాడు బావ, ఎంతో వినయంగా.

ఇంజినీరమ్మ లేచి, థర్మామీటరు ఊడదీసి తెచ్చి డైరెక్టరుగారి ఒళ్లో పెట్టింది. చూస్తుండగానే అది నలభై దాటింది.

సంతకం పెట్టని ఆ కాగితాన్ని మడిచి బావ డైరెక్టరుగారి చేతికిచ్చాడు.

"విసురుకోండి సార్."