మార్చిలో రగ్గులు ఉతకరాదు

మా మావయ్యకు ఏడాదిలో పదకొండు నెలలు మతి ఉంటుంది. మార్చిలో ఉండదు. ఫిబ్రవరి ఆఖరి రోజున మామూలు మనిషిలా భోంచేసి పడుకుంటాడు. తెల్లారి లేచేసరికి వాతావరణ శాఖ అయిపోతాడు. లాండ్రీ పెరట్లో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, ఆకాశం వైపు చూసి పళ్ళు కొరుకుతాడు. ఇక ఆ నెలంతా ఆయన నోట శాస్త్రం తప్ప మరో మాట రాదు. వచ్చే ఆ శాస్త్రం కూడా కోపంగానే వస్తుంది.

"పిల్లి గుమ్మానికి అడ్డంగా పడుకుంది. ఇరవయ్యో తారీఖు దాకా గాలి తగ్గదు," అంటాడు.

"గాలి తగ్గకపోతే బట్టలు తొందరగా ఆరతాయి. మంచిదేగా మావయ్యా?"

"మంచిదని నేనన్నానా?"

"పోనీ చెడ్డదా?"

"చెడ్డదని మాత్రం అన్నానా? గాలి అన్నాను. విని ఊరుకో."

ఇలాంటివి ఆయన దగ్గర నలభై దాకా ఉన్నాయి. మార్చి మొదటి మూడు రోజులూ మార్చివి కావట, చలికాలంలో మిగిలిపోయినవట, వాటిని నమ్మకూడదట. పదో తారీఖు లోపు ఉరిమితే స్వెటర్లు పెట్టెలో పెట్టకూడదు. బాయిలర్ పొగ ఎడమకు తిరిగిన రోజున తెల్లచొక్కాలకు గంజి పెట్టకూడదు. మొదటి తూనీగ కనబడిన రోజున బూట్లకు పాలిష్ కొట్టకూడదు. బూట్లకూ తూనీగకూ సంబంధమేమిటని అడిగితే, "పెద్దలు చెప్పారు" అంటాడు. ఏ పెద్దలు అంటే, "నీకంటే పెద్దలు" అంటాడు. ఆ తర్వాత ఎవరైనా ఏం మాట్లాడతారు?

పోనీ చెప్పింది జరుగుతుందా అంటే అదీ లేదు. మార్చి మావయ్య ఎండ అన్నాడంటే వీధిలో అందరూ గొడుగులు పట్టుకుని బయల్దేరతారు. వాన అన్నాడంటే ఎదురింటి పంతులమ్మ పరుపులు తెచ్చి మేడ మీద ఎండేస్తుంది. ఆయన తన పెళ్ళినాడు ఆకాశం చూసి, చుక్క పడదని ఒట్టేసి, అత్తయ్యను నడివీధిలో నిలువునా తడిపిన మనిషి. ఆ పెళ్ళి ఫోటోలో ఇద్దరికీ జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంటుంది. అది ఇప్పటికీ కౌంటర్ వెనక గోడకు వేలాడుతోంది, ఆయనకేమీ సిగ్గు లేదు.

ఇవన్నీ నవ్వుకోవచ్చు. నాకు ఒళ్ళు మండేది ఒక్కదానికే. మార్చిలో మా లాండ్రీలో రగ్గులు ఉతకరాదు. ఉతికితే ఇంట్లో ఒకరు పోతారు.

చలి తగ్గాక రగ్గులు ఉతికించి పెట్టెలో పెట్టుకోవాలని ఊరంతటికీ తోచేది మార్చిలోనే. లాండ్రీవాళ్ళకు పంట చేతికొచ్చే నెల అది. అటకల మీద నుంచి, మంచాల కింద నుంచి రగ్గులు మూటలు కట్టుకుని జనం వచ్చేవాళ్ళు. మావయ్య కౌంటర్ దగ్గర చేతులు అడ్డం పెట్టేవాడు. ఒకసారి ఒక వకీలు వాదించి చూశాడు.

"రగ్గు నాది, ఇల్లు నాది. పోతే మావాళ్ళే పోతారు. మీకేమిటి నొప్పి?"

"ఎవరి ఇంట్లో పోతారో మీకెలా తెలుసు? కప్పుకున్నవాళ్ళ ఇంట్లోనా, ఉతికినవాళ్ళ ఇంట్లోనా?"

"ఎక్కడైనా రాసుందా?"

"రాసి లేదు కాబట్టే భయం. తీసుకెళ్ళండి."

వకీలు మూట నెత్తిన పెట్టుకుని పోయాడు. అంత చదువుకున్నవాడు మళ్ళీ ఏప్రిల్ రెండో తారీఖున అదే మూటతో వచ్చాడు, అది వేరే విషయం. కానీ అందరూ అలా రారు. మలుపులో యంత్రాల లాండ్రీ పెట్టాక అసలే రావడం తగ్గించారు. అక్కడ అద్దాల తలుపులు, గుండ్రంగా తిరిగే మెషీన్లు. మా దగ్గర పెరట్లో మూడు సిమెంటు తొట్లు, ఎనిమిది దండేలు, దగ్గే బాయిలరు. మనుషులం నలుగురం. కౌంటర్ మీద మావయ్య. బల్ల దగ్గర, నేను పుట్టక ముందు నుంచీ ఇస్త్రీ చేస్తున్న ఇస్త్రీ బాబాయి. చీటీలు రాస్తూ, మడతలు పెడుతూ, అందరి మీదా విసుక్కుంటూ నేను. తొట్ల దగ్గర మా అమ్మ.

అమ్మ మావయ్యకు చెల్లెలు. ఆ తొట్లు ఆవిడ రాజ్యం. ఇంకొకరిని చెయ్యి పెట్టనివ్వదు. పెట్టిన పనిమనుషులందరినీ పిండడం రాదని వారం తిరక్కుండా పంపించేసింది. తడిసిన రగ్గు ఒక్కటి తొట్టిలోంచి లేపాలంటే ఇద్దరు మగాళ్ళు కావాలి. ఆవిడ ఒక్కతే అంచు పట్టుకుని, మోకాలు తొట్టికి ఆనించి, పైకి లాగుతుంది. లాగాక కాసేపు నడుం పట్టుకుని నిలబడి, మేం చూస్తున్నామా అని చుట్టూ చూస్తుంది.

ఈ ఏడాది మార్చి ఏడున, స్టేషన్ దగ్గర హోటలు మేనేజరు వ్యాను వేసుకుని వచ్చాడు. నూట అరవై రగ్గులు. ఇవి బాగా ఉతికిస్తే ఏడాది పొడుగునా హోటలు దుప్పట్లు, తువ్వాళ్ళు అన్నీ మాకే ఇస్తానన్నాడు. ఆ పని దొరికితే లాండ్రీ నిలబడుతుంది, దొరక్కపోతే వచ్చే మార్చికి మా తలుపులకు తాళమే. ఈ మాట మావయ్యకూ తెలుసు. లాండ్రీ ఇంకో ఏడాది గడవదని జనవరిలో ఒక సాయంత్రం నాతో పైకే అన్నాడు.

ఆయన బయటికి వచ్చాడు. వ్యాను చూశాడు. తీగ మీద కాకిని చూశాడు.

"ఏప్రిల్ ఒకటిన రండి," అన్నాడు.

"ఏప్రిల్ ఒకటిన ఎందుకండీ? మలుపులో మెషీన్లవాళ్ళు రేపే ఇస్తామంటున్నారు."

"వాళ్ళకు చెప్పే పెద్దలు లేరు."

వ్యాను వెనక్కి తిరిగి, మలుపు వైపు వెళ్ళిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్ళి, నా సంచిలోంచి నోటు పుస్తకం తీసి కౌంటర్ మీద గట్టిగా కొట్టాను. మూడు మార్చిల నుంచి ఆయన చెప్పినవన్నీ తారీఖులతో సహా అందులో రాసి పెట్టుకున్నాను. ఎప్పటికైనా పనికొస్తుందని కోపంతో రాసిన పుస్తకం.

"పోయిన ఏడాది చీమలు గోడెక్కితే వాన అన్నావు. అంతకు ముందు ఏడాది చీమలు గోడెక్కితే వడగాలి అన్నావు. ఈ ఏడాది చీమలు గోడెక్కితే చుట్టాలు వస్తారన్నావు. అసలివన్నీ ఎవరు చెప్పారు?"

"పెద్దలు."

"ఆ పెద్దల పేర్లు చెప్పు. వెళ్ళి అడిగొస్తాను."

"నోరు తగ్గించు."

"తగ్గించను. నీ పిచ్చికి లాండ్రీ పోతోంది. నీతో పాటు అమ్మా, బాబాయీ, నేనూ వీధిన పడతాం. ఇంట్లో ఒకరు పోతారని నలుగురినీ ముంచేస్తున్నావు."

ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టి, టీ తాగొస్తానని బయటికి నడిచాడు. అమ్మ అప్పటికే సబ్బులు తేవడానికి బజారుకి వెళ్ళి ఉంది. మావయ్య మెడ పొడుగ్గా చాచి, అమ్మ వీధిలో లేదని చూసుకుని, నా మీదికి విరుచుకుపడ్డాడు.

"పెద్దలూ లేరు, పిన్నలూ లేరు. నేనే కల్పించాను. సరేనా? తృప్తిగా ఉందా?"

ఆయన అక్కడితో ఆగలేదు.

"నువ్వు కడుపులో ఉన్నావు. ఎనిమిదో నెల. నీకు ముందు ఇద్దరు నిలవలేదు. బరువెత్తితే ఇదీ నిలవదని డాక్టరమ్మ చెప్పింది. మీ అమ్మ వింటుందా? కూర్చోవే అంటే, అన్నయ్య ఇంట్లో ఊరికే కూర్చుని తినను అంది. తిట్టాను. బతిమాలాను. తొట్టిలో నీళ్ళు పారబోశాను. మళ్ళీ నింపుకుంది, మొండిఘటం. అప్పుడే మార్చి, అప్పుడే ఊళ్ళో రగ్గులన్నీ వచ్చి పడ్డాయి. ఏం చెయ్యను? మార్చిలో రగ్గులు ఉతికితే ఇంట్లో ఒకరు పోతారని నోటికొచ్చింది చెప్పాను."

"నమ్మిందా?"

"నా మొహం చూసింది. తొట్టి చూసింది. కూర్చుంది."

ఇంట్లో ఒకరు అంటే ఇన్నాళ్ళూ ఎవరో అనుకున్నాను. ఆ ఒకరు నేనే. ఇరవై తొమ్మిదేళ్ళుగా నన్ను మండించిన శాస్త్రం నా కోసమే పుట్టిందని తెలిశాక, ఆ కోపం ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

"మరి ఆ పిల్లి, తూనీగ, బూట్లు?"

"ఒక్కటే చెబితే అనుమానం రాదూ? పక్కన పెట్టడానికి ఇంకో నలభై కావలసొచ్చింది. రోజుకొకటి కల్పించాను. ఎంత కష్టమో నీకేం తెలుసు?"

"నేను పుట్టాక మానెయ్యొచ్చుగా."

"ఒక్క ఏడాదికే పనిచేసే శాస్త్రం ఎక్కడైనా ఉంటుందా? పైగా నీ తర్వాత మీ అమ్మ నడుం పట్టేసింది. ఏడాదికి ఒక్క నెలన్నా ఆ బరువు తప్పుతుందని అలాగే ఉంచేశాను."

"అయితే అంత కోపంగా చెప్పడం దేనికి మావయ్యా?"

ఆయన గోడకు తిరిగాడు. "మామూలుగా చెబితే నాకే నవ్వొస్తుంది," అన్నాడు.

మర్నాడు పొద్దున హోటలు మేనేజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి వ్యాను లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మ నిన్న అన్నం పెట్టలేదండీ," అన్నాడు. "మార్చిలో రగ్గులు ఉతకడానికి ఇచ్చానని తెలిసి నానా మాటలూ అంది. మెషీన్లవాళ్ళ దగ్గర నుంచి వెనక్కి తెప్పించేదాకా గడప దాటనివ్వలేదు. ఏప్రిల్ ఒకటిన మీరే ఉతకాలట. పద్ధతి తెలిసినవాళ్ళు మీరేనట."

"ఆవిడకు ఎవరు చెప్పారు?" అన్నాను నేను.

"ఎవరో చెప్పడమేమిటండీ? వాళ్ళ ముత్తవ్వల కాలం నుంచీ ఉన్నదట."

మావయ్య గభాలున పెరట్లోకి వెళ్ళి, ఆకాశాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. ఆయన భుజాలు కదలడం నాకు కనబడుతూనే ఉంది.

ఏప్రిల్ ఒకటిన నూట అరవై రగ్గులూ దిగాయి. అమ్మ కొంగు దోపుకుని మొదటి తొట్టి దగ్గరికి వచ్చింది. నేను ముందే లేచి, పిండే మెషీను ఒకటి అద్దెకు తెప్పించి, ఇస్త్రీ బాబాయిని రెండో తొట్టి దగ్గర నిలబెట్టి, మొదటి తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పుకోవే, నీళ్ళు చల్లారిపోతున్నాయి," అంది అమ్మ.

"నువ్వు ముట్టుకోకూడదు. ఏప్రిల్లో యాభై దాటిన చేతులు తొట్టిలో పడితే వడగళ్ళు పడతాయి."

"ఎవరు చెప్పారు?"

"పెద్దలు చెప్పారు."

అమ్మ నన్ను చూసింది. తలుపు దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డ మావయ్యను చూసింది. కొంగు విప్పి చేతులు తుడుచుకుని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఇంకాస్త కోపంగా చెప్పాలే," అంది. "నవ్వొచ్చేస్తోంది నీకు. మీ మావయ్యను చూసి నేర్చుకో, ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ నవ్వలేదు, మొదటి రోజే నాకు దొరికిపోయానని కూడా తెలుసుకోలేదు."