అలమారా మీది డబ్బా

మోటారు సైకిళ్లు బాగుచేసే బ్రేకుల మేస్త్రి సూది మానేసి పద్నాలుగు నెలలైంది. అంతకు ముందు నలుగురితో కలిసి ఒకే సూదితో మత్తు ఎక్కించుకున్నవాడే. ఇప్పుడు మత్తు మానినవాళ్ల మీటింగులో ఆయన మాటే వేదం.

ఆ మీటింగు గదిలో ఉచితంగా పంచమని ఆస్పత్రివాళ్లు ఒక కండోముల డబ్బా ఇచ్చారు. మేస్త్రి దాన్ని ఎత్తుగా అలమారా మీద పెట్టాడు. చేతికందితే మనసు చెదురుతుందట. కావలసినవాళ్లు ఆయన్నే అడగాలి. ఓసారి ఆటో డ్రైవరు అడిగితే, "ఒకటి మానగానే ఇంకోటి పట్టుకున్నావేంట్రా?" అన్నాడు అందరి ముందూ. గదంతా నవ్వింది. ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు. డబ్బా తరగలేదు కాబట్టి మనవాళ్లు ఎంత నిష్ఠగా ఉన్నారో చూడండని వచ్చినవాళ్లకల్లా చూపించేవాడు.

గురివింద గింజ తన కింద నలుపెరగదు. తన రక్తానికి మాత్రం ఆయన హెచ్ఐవీ పరీక్ష చేయించుకోలేదు. సూదితోపాటు రోగం కూడా సెలవు పుచ్చుకుందని నమ్మకం. అద్దంలో చూస్తే బుగ్గలు కూడా నిండాయి మరి.

ఆయన మత్తు రోజుల్లో ఇల్లు విడిచి తన అక్క ఇంట్లో తలదాచుకున్న భార్య ఒక ఆదివారం తిరిగొచ్చింది. మేస్త్రి ఇల్లు ఊడ్చి, దుప్పట్లు ఉతికి ఉంచాడు. ఆమె సంచీ గడప దగ్గరే పెట్టింది.

"పరీక్ష చేయించావా?"

"మానేశాగా. ఇంకెందుకే?"

"నీతో సూది పొడుచుకున్న నలుగురిలో ఇద్దరు పోయారు."

"వాళ్లకేదో జ్వరం."

"పోనీ, మీటింగులో అందరికీ చూపిస్తున్నావట, ఆ డబ్బాలోంచి ఒకటైనా తెచ్చావా?"

"మొగుడూపెళ్లాల మధ్య అవేంటి, పరాయివాళ్లలాగా?"

"బ్రేకు పట్టి చూడందే ఎవరి బండీ షెడ్డు దాటనివ్వవు. నన్ను మాత్రం అలాగే ఎక్కి కూచోమంటావు. కాగితం వచ్చాక కబురు పెట్టు" అని సంచీ ఎత్తుకుని వెళ్లిపోయింది.

మేస్త్రికి ముందు ఒళ్లు మండింది. తర్వాత భయమేసింది. మర్నాడు పొద్దున్నే, ఎవరి కంటా పడకుండా తలకి తువ్వాలు చుట్టుకుని, ఆస్పత్రిలో పరీక్షల గది ముందున్న బల్ల చివర కూచున్నాడు. పక్కకి తిరిగితే ఆటో డ్రైవరు.

"నువ్వూ రక్తం ఇవ్వడానికేనా?" అన్నాడు మేస్త్రి గొంతు తగ్గించి.

"నాది పోయినవారమే చెప్పారు మేస్త్రీ. ఉందన్నారు. మందులు మొదలుపెట్టా." ఆటో డ్రైవరు మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. "ఇవాళ మా ఆవిడది చెబుతారు."

మేస్త్రి తువ్వాలు విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. అలమారా మీద డబ్బా ఇంకా నిండుగానే ఉంది.