బల్లకు అవతల కుర్చీ

ఈ ఉదయం ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫుల సిరా ఇంకా ఆరలేదు. ఆ వాసన తగలగానే ఎస్తేరు గారు గుర్తుకొచ్చారు. చిలకలగూడలో మా చిన్న చర్చి మాసపత్రికకు ఆమె సంపాదకురాలు. నాకు పని నేర్పింది ఆమే. ఆమె పోయి నెల కూడా కాలేదు. ఈ ప్రూఫులు ఆమె సంస్మరణ సంచికవి.

ఆమెది ఒక పద్ధతి. వ్యాసం తెచ్చినవాళ్ళు ఎవరైనా సరే, బల్లకు అవతల కూర్చుని దాన్ని పైకి చదివి వినిపించాలి. ఒకసారి రిటైరైన ఫారెస్టు రేంజరు ఒకాయన భద్రాచలం అడవుల మీద రాసుకొచ్చారు. మంచి గొంతు. "నాగరికత ఎరుగని ఆటవికులైన కోయలు" అంటూ హుషారుగా చదువుకుపోతున్నారు.

"ఆ వాక్యం మళ్ళీ చదవండి సార్," అన్నారు ఎస్తేరు గారు. "ఈసారి నన్ను చూస్తూ చదవండి. నేను కోయదాన్ని."

ఆయన కాగితం దించేశారు. "అయ్యో, మీలాంటివాళ్ళ గురించి కాదమ్మా."

"మరెవరి గురించి? మా అమ్మ గురించా?"

ఆమె గొంతు పెంచలేదు. "కోయలని మాకు పేరుంది. దాని ముందు ఏమీ తగిలించకండి. అడవిలో మీకు దారి చూపించినాయన పేరు రాయండి. మీకు అన్నం పెట్టినామె పేరు రాయండి."

ఆయనకు ఆ రెండు పేర్లూ గుర్తులేవు. ఆమె టీ తెప్పించి, తాగాక వ్యాసం తిరిగి ఇచ్చేశారు.

ఇప్పుడు ఆమె సంచికలో మొదటి పేజీలోనే ఈ వాక్యం: "అడవిలో పుట్టిన ఆటవిక బిడ్డను మన సంఘం మనిషిని చేసింది." రాసింది సుధాకర్. ఇప్పటి సంపాదకుడు. నాతోపాటే ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడు. ఆమె బతికుండగా ఈ మాట నోట రానివ్వనివాడు, ఆమె ఇక జవాబు చెప్పలేరని తెలిశాక రాశాడు. ప్రూఫు పట్టుకుని అతని గదికి వెళ్ళాను.

"ప్రేమతోనే రాసిన కదన్నా," అన్నాడు. "గింత దానికి పరేషాన్ ఎందుకు? జెర కూసో."

"ఎస్తేరు గారి చెల్లెలు ఫొటో ఇవ్వడానికి వచ్చి కింద కూర్చుంది. పిలుస్తాను. ఆమె ముందు చదువు."

"ఆమెనెందుకు లాగుతున్నవ్ మధ్యల?"

"నేను కాదు, నువ్వు లాగావు. ఆమె అక్కనే కదా మనిషిని చేశామన్నావు."

సుధాకర్ కాగితం వైపు చూశాడు. కలం తీసి ఆ వాక్యం కొట్టేశాడు. "ఏం రాయాల్నో నువ్వే చెప్పు."

"ఆమె కోయ. మన సంపాదకురాలు. మనిద్దరికీ పని నేర్పింది. అంతే రాయి."

వాక్యం పోయింది. నా కోపం పోలేదు, పోవాలని నేనూ అనుకోవడం లేదు. నా బల్లకు అవతల ఒక కుర్చీ వేసి ఉంచుతాను. ఎవరి గురించి రాసినా, వాళ్ళు అందులో కూర్చున్నట్టే చూస్తూ పైకి చదువుతాను. గొంతు ఆగిన చోట ఆ మాట కొట్టేస్తాను.