గేటుకు మళ్లీ పట్టిన తుప్పు

మణికొండలో మా అపార్ట్‌మెంటు గేటు బాగా తుప్పు పట్టింది. పెయింటర్ని పిలుద్దామని అందరూ అంటే, నేనే అడ్డుపడి "నేను చేస్తాను" అని వాట్సాప్ గ్రూపులో గొప్పగా రాశాను. కారు కడిగే ప్రెషర్ వాషర్‌కి తగిలించే ఇసుక గన్ను ఒకటి కొన్నాను లెండి. నీళ్లతో పాటు ఇసుక కూడా జోరుగా వెళ్లి ఇనుముకు తగులుతుంది, తుప్పు రాలిపోతుంది.

ఈ రోజు పొద్దున్న రెండు గంటలు కష్టపడితే అసలు ఇనుము తెల్లగా బయటపడింది. ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఇంతలో ఆఫీసు మీటింగు మొదలైంది. గేటు పక్కనే కుర్చీ వేసుకుని ఫోన్లో తలదూర్చాను. గంటన్నర తర్వాత తలెత్తి చూస్తే గేటంతా మళ్లీ నారింజ రంగులో ఉంది!

వెనకే ఉన్న వాచ్‌మన్ యాదయ్యను ఇదేమిటని అడిగాను.

"తడి ఇనుము ఊకుంటదా సార్? తుడిచి, ఆరంగనే రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టాలె" అన్నాడు.

"మరి ముందే చెప్పొచ్చు కదా యాదయ్యా?"

"చెప్దామనే వచ్చిన సార్. మీరు మీటింగుల ఉన్నరు. జర ఆగుమని చెయ్యి చూపిచ్చిండ్రు. డబ్బా, బ్రష్షు పట్టుకొని ఈడనే నిలవడ్డ."

నిజమే, చూపించాను. రేపు మళ్లీ మొదటి నుంచి ఇసుక కొట్టాలి. మీటింగులో ఉండి మీరూ ఇలా ఎవరినైనా చెయ్యి చూపించి ఆపేశారా?

ఆ గంటన్నరలో నేను మాట్లాడింది మాత్రం రెండే మాటలు. మొదట హలో, చివర బై.