ముడుపు కట్టిన బూటు

కరీంనగర్ బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో మైకులో చెప్పే గొంతు అనసూర్యది. ఆ గదిలోంచి చంకకర్రతో బయటికొచ్చే మనిషిని చూడగానే "అయ్యో పాపం" అనేవాళ్లకు కొదవలేదు. చిన్నప్పుడే పోలియో కుడికాలిని పీల్చేసింది. కాలు సన్నబడింది గానీ నోరు మాత్రం దేవుడు రెండింతలిచ్చాడు. పాపం అన్నవాడికి "నీ బస్సు ఎల్లిపోతుంది, ఉరుకు. పాపం నువ్వే" అని చెప్పి పంపేది.

ఆమెకు ఒళ్లు మండేది దసరా సెలవుల్లో. సెలవులొస్తే చాలు, పిల్లల కోసమని టీవీలో ఏదో ఒక సీరియల్. అందులో కుంటివాడుంటే దొంగ, గూనివాడుంటే మంత్రగాడు, నత్తివాడుంటే నలుగురూ నవ్వడానికి. ఆడపిల్ల అయితే మాత్రం తప్పకుండా బంగారుతల్లి. ఎవరెంత తిట్టినా పాటలు పాడుతుంది, తిండి పెట్టనివాళ్లకు కూడా దండం పెడుతుంది. ఆఖరి రోజు కర్ర పారేసి పరుగెత్తుతుంది.

"కుంటినన్ని దినాలు ఒక్కడు దానికింత బువ్వ వెట్టడు. కాళ్లు రాంగనే అందరు చుట్టాలే! థూ, మీ కథల మన్నువడ!" అని అనసూర్య టీవీనే తిట్టేది.

ఆమె తమ్ముడు దేవదాస్ కూతురు నిఖిత ఆ తిట్లు చెవిన పెట్టలేదు. దానికి పుట్టుకతోనే ఎడమకాలు బలహీనం. మోకాలి దాకా ఇనుప పట్టీలున్న బూటు వేసుకుంటేనే సరిగ్గా నడవగలదు. ఈసారి సీరియల్ ఆఖరి భాగంలో ఆ పిల్ల గుడిమెట్ల మీద కర్ర వదిలేసి ఉరికితే నిఖిత చప్పట్లు కొట్టింది.

"సద్దుల బతుకమ్మకు నేను గూడ బూటు లేకుంటనే ఆడుత అత్తా" అంది. డ్యూటీ తొందరలో ఉన్న అనసూర్య ఊ కొట్టి వెళ్లిపోయింది.

మరునాడు దేవదాస్, భార్య మహేశ్వరి పిల్లను తీసుకుని కొండగట్టు అంజన్న గుడికి పోయారు. సాయంత్రం జగిత్యాల బస్సు వచ్చిందని మైకులో చెప్పి అనసూర్య కిటికీలోంచి చూస్తే, తమ్ముడు పిల్లను ఎత్తుకుని దిగుతున్నాడు. పిల్ల కాలికి బూటు లేదు.

"బూటు ఏడబాయె?"

"దేవునికి ముడుపు గట్టిందట అక్కా. కాలు ఒరుసుకుంటుందంటే ఇప్పి పక్కన వెట్టినం. మేం కొబ్బరికాయ గొట్టి వచ్చేసరికి ఎర్రగుడ్డల మూటగట్టి, ముడుపుల కాడ ఏలాడదీసింది. అడిగితే సంచిలున్నదన్నది. బస్సెక్కినంక అసలు సంగతి జెప్పింది."

"మరి దిగి పోయి ఇప్పుకరాకపోతిరి?"

మహేశ్వరి చెంపలేసుకుంది. "తప్పు వదినె! కోరిక తీరకముందు ముడుపు ఇప్పుతరా? పిల్లకు కీడు."

అనసూర్యకు కోపం నెత్తికెక్కింది. "సముద్రం దుంకినోడు గాయన! నీ బిడ్డ బూటేసుకొని ఇంకెక్కడికి దుంకుతడు? కొత్తది చేసిచ్చేసరికి దీపావళి దాటుతది. రేపు సద్దులాయె. పిల్ల గడపల కూసోవాల్నా?"



తెల్లవారి మొదటి బస్సుకే అనసూర్య బయలుదేరింది. దేవదాస్ పిల్లను ఎత్తుకుని వెంట నడిచాడు. ముడుపుల దగ్గర వెతకాల్సిన పనే లేకపోయింది. కొబ్బరికాయల మధ్య బరువుకు కిందికి సాగిన మూట ఒక్కటే. అనసూర్య చెయ్యి వెయ్యబోతే నిఖిత దాన్ని పట్టుకుని ఏడ్చింది.

"జరసేపు ఆగు అత్తా! గా సీరియల్ పిల్ల మంచిది, అందుకే దేవుడు కాళ్లిచ్చిండు. నాకియ్యలే. నేను మంచిదాన్ని గానా?"

సెలవుల కానుక అని పసిపిల్లలకు ఇదా మీరు నూరిపోసేది, మీ చేతులు పడిపోను, అని అనసూర్య సీరియల్ తీసినవాళ్లను మనసులోనే తిట్టుకుంది. తర్వాత మెట్టు మీద చతికిలబడి, చీర మోకాలి దాకా జరిపి తన కాలు చూపించింది.

"గిది నాకు బుద్ధెరిగినకాంచి గిట్లనే ఉన్నది. మరి జెప్పు, మీ అత్త చెడ్డదా?"

నిఖిత ఆ కాలిని చూసింది, అత్త మొహం చూసింది. "తిడుతవ్ గని, చెడ్డదానివి గాదు."

"మరింకేంది? కాలు తే."

పిల్ల ముక్కు చీదుకుని, ముడుపు తన చేత్తోనే విప్పింది.

ఆ సాయంత్రం బతుకమ్మ చుట్టూ ఆడే వరుసలో నిఖిత బూటు టకటకలాడింది. పక్కనే చప్పట్లు కొడుతున్న పొరుగింటి చంద్రవ్వ దాన్ని చూసి నిట్టూర్చింది. "పాపం, గింత మంచి పిల్లకు..."

"మంచిదాన్నేం గాదు పెద్దమ్మా" అంది నిఖిత. "జరుగు, బూటుతోని తొక్కుత."